నాన్న బతికుండాల్సిన పన్నెండు రోజులు

అక్టోబరు 21, బుధవారం. లండన్.

ఉదయం నుంచి పదకొండుమంది మా నాన్న ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఆయన బతికున్నారన్న సంగతే నిన్నటిదాకా వీళ్లలో సగంమందికి తెలియదు. సభలో ఎప్పుడూ నావైపు చూడని పెద్దమనిషి ఒకాయన కాఫీ కప్పుతో వెంటపడి మరీ, "నాన్నగారికి చలికాలం పడుతుందా?" అని అడిగాడు.

విషయం మధ్యాహ్నానికి తెలిసింది. ప్రధానమంత్రి దిగిపోతున్నారు. గుండె బాగాలేదట. మా పార్టీ చీఫ్ విప్ గాడ్‌ఫ్రే నన్ను మెట్లకింద మూలకు లాక్కెళ్లాడు.

"ముప్పయ్యో తారీఖున రాజీనామా. ఒకటో తారీఖుకల్లా రాజభవనం నుంచి పిలుపు. అది నీకే ఆబ్రీ. క్రమ్టన్ వెనకాల నలభైమంది కూడా లేరు."

"అంతా దేవుడి దయ," అన్నాను.

"దేవుడిది కాదయ్యా, మీ నాన్నది. ఆయనకిప్పుడెంత?"

"ఎనభై నాలుగు."

"పన్నెండు రోజులు లాగుతారా?"

ఒళ్లు మండిపోయింది. కన్నతండ్రి గురించి అడిగే తీరేనా అది! అయినా రాజకీయంలో సహనం ముఖ్యం కనుక, "లాగుతారు," అన్నాను.

నాన్న స్కెల్‌డేల్‌కు ఎనిమిదో ఎర్ల్, తరతరాల ప్రభువన్నమాట. కొడుకుని కాబట్టి నన్ను మర్యాదకు లార్డ్ హార్న్‌బీ అంటారు గాని, చట్టం దృష్టిలో నేను మామూలు మనిషినే. అందుకే ముప్పై ఏళ్లుగా కామన్స్ సభలో కూర్చుని తిట్లు తినగలిగాను. ఆయన ఊపిరి ఆగిన మరుక్షణం నేను తొమ్మిదో ఎర్ల్‌ని. కామన్స్ తలుపు మొహాన పడుతుంది. ఇక లార్డ్స్ సభలో, గురకపెట్టే ముసలివాళ్ల మధ్య ఎర్ర తోలు బెంచీ మీద నా చోటు. వద్దు మొర్రో అన్నా వదలదు. ఈ దేశంలో దేనికైనా రాజీనామా ఇవ్వొచ్చు గాని తండ్రి బిరుదుకు ఇవ్వడానికి లేదు. లార్డ్స్ నుంచి ప్రధానిని తెస్తే ఈ రోజుల్లో జనం ఊరుకోరు. గుండుసూదుల ఫ్యాక్టరీ పెట్టుకుని పైకొచ్చిన ఆ క్రమ్టన్‌కు అప్పజెబుతారు.

రేపే స్కెల్‌డేల్ వెళ్తాను. పదవి కోసం కాదు. నాన్నను చూసి చాలా రోజులైంది. మనసు పీకుతోంది.

అక్టోబరు 22, గురువారం.

వెళ్లలేదు. పదో నంబరు ఇంటి కిటికీలకు తెరల కొలతలు తీసుకురమ్మని మా ఆవిడ ఆగస్టా మనిషిని పంపిందట. ప్రధాని భార్య ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. ఆ గొడవ సర్దేసరికి సాయంత్రమైంది.

అక్టోబరు 24, శనివారం. స్కెల్‌డేల్.

స్టేషన్ నుంచి బండి దిగగానే ఇంటి పడమటి గోడకు ఆనించిన నిచ్చెన కనిపించింది. చాలా పొడుగు నిచ్చెన. దాని చివర రంపంతో ఐవీ తీగలు కోస్తూ మా నాన్న.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా! దిగండి! దిగండి ముందు!"

"ఎవడ్రా అది?"

"నేను, ఆబ్రీని."

ఆయన కిందికి చూడనైనా లేదు. "క్రిస్మస్ అప్పుడే వచ్చేసిందా?" అన్నారు.

రాత్రి భోజనాలయ్యేసరికి నాకు పరిస్థితి అర్థమైంది. కిటికీలన్నీ తెరిచే పడుకుంటారు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం. డాక్టర్ మక్‌ఫీ ఇచ్చిన మందు కుండీలో జెరేనియం మొక్కకు పోస్తున్నారు (మొక్క ఏపుగా ఉంది). ఇంట్లో టెలిఫోన్ పెట్టనివ్వరు. గోడల్లోంచి మనుషులు మాట్లాడితే అది కొంప కాదు, దయ్యాల దిబ్బ అంటారు. ఏదైనా అయితే రెండు మైళ్ల దూరంలో ఊరి పోస్టాఫీసుకు పరుగెత్తాల్సిందే.

"ఆయన్ని కాస్త కనిపెట్టి ఉండలేవా?" అని బట్లర్ టిమ్‌కిన్‌ను కోప్పడ్డాను.

"కనిపెట్టే ఉన్నానండి చిన్న దొరగారూ. నిచ్చెన కింద పట్టుకుంది నేనే కదండి."

ఇతనికి డెబ్బై. నాకు యాభై ఎనిమిది. ఇంకా చిన్న దొరగారినే.

అక్టోబరు 26, సోమవారం.

ఆగస్టా తెలివితేటలకు దండం పెట్టాలి. టిమ్‌కిన్‌కు ఉత్తరం రాసింది: 'పెద్ద దొరగారిని ఒకటో తారీఖు దాకా గాజుబొమ్మలా చూసుకోవలెను. ఆ తర్వాత నీకు మంచి బహుమానం ఉంటుంది.' టిమ్‌కిన్ దాన్ని వెండి పళ్లెంలో పెట్టి తిన్నగా నాన్నకు ఇచ్చాడు. "మీ గురించేనండి," అన్నాడట.

నన్ను లైబ్రరీలోకి పిలిపించారు. ఉత్తరం చేతిలో ఉంది.

"అయితే ఒకటో తారీఖు దాటాక నేను చావొచ్చన్నమాట."

"ఛ, అదేం మాట నాన్నా!"

"మరి రెండో తారీఖు ఉదయమా, సాయంత్రమా? మీ ఆవిడ టైము రాయలేదేంరా?"

దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. నేను మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు ఈ గదిలోనే, "గడపగడపకూ తిరిగి ఓట్లు అడుక్కుంటావా, మన వంశంలో పుట్టి!" అని కుర్చీ విసిరిన మనిషి. ఇప్పుడు చూద్దును కదా, మొహం వెలిగిపోతోంది.

"నలభై ఏళ్లలో మొదటిసారి నీకు నా అవసరం పడిందిరా ఆబ్రీ. ఊరికే బతకమంటే ఎలా? నాకేమిస్తావు?"

బేరం మొదలైంది. ఆయన నిచ్చెన ఎక్కరు, మందు జెరేనియానికి పోయరు, ఫ్లానెల్ బనీను తొడుక్కుంటారు. బదులుగా నేను ఒకటో తారీఖు దాకా ఇక్కడే ఉండాలి. రోజూ సాయంత్రం ఆయనతో చదరంగం ఆడాలి. పేపర్లో గుర్రాల వార్తలు చదివి వినిపించాలి.

"పార్లమెంటు గొంతుతో కాదు. మామూలు గొంతుతో. ఉందా నీకు, మామూలు గొంతు?"

ఉందన్నాను. రెండు పేరాలు చదివాక, "అబ్బే, ఇంకా సుంకాల మీద ప్రసంగంలాగే ఉంది. మళ్లీ మొదట్నుంచి," అన్నారు.

చదరంగంలో ఓడిపోయాను. కావాలనే ఓడాను.

కావాలని కాదు.

అక్టోబరు 27, మంగళవారం.

జావ తాగారు. చన్నీళ్ల స్నానం మానేశారు. మధ్యాహ్నం గంటసేపు పడుకున్నారు. నేను రెండుసార్లు వెళ్లి ఊపిరి ఆడుతోందో లేదో చూశాను. రెండోసారి కళ్లు తెరవకుండానే, "ఉన్నాలేరా," అన్నారు.

మళ్లీ ఓడాను.

అక్టోబరు 28, బుధవారం.

కొంప మునిగింది. శనివారం నక్కల వేట మొదలట. ఏటా తొలిరోజు వేటకు వెళ్లడం నాన్నకు ఆనవాయితీ. అరవై ఎనిమిదేళ్లలో ఒక్కటీ తప్పలేదు. మా అమ్మ నన్ను కన్నది కూడా ఆరోజేనట. అయినా వెళ్లారు.

"బేరంలో వేట లేదు," అన్నారు. "నిచ్చెన ఉంది, మందు ఉంది, బనీను ఉంది. వేట మాట నువ్వెత్తలేదు. విదేశాంగ మంత్రివి, ఒప్పందాలు సరిగ్గా రాసుకోవద్దూ?"

"కంచెల మీంచి దూకిస్తారా ఈ వయసులో! మెడ విరుగుతుంది నాన్నా!"

"జూనో ఉంది కదరా. అది నన్ను పడెయ్యదు."

జూనో ఆయన ఆడగుర్రం. దానికి ఇరవై రెండేళ్లు. వాళ్లిద్దరి వయసూ కలిపితే నూట ఆరు. ఆ నూట ఆరేళ్లూ శనివారం పొద్దున ముళ్లకంచెల మీంచి గాల్లోకి లేస్తాయి. రాజభవనం నుంచి పిలుపు రావడానికి ఒక్క రోజు ముందు.

సాయంత్రం గుర్రాలశాలకు వెళ్లి, అక్కడ పనిచేసే జోబ్‌ను పక్కకు పిలిచాను.

"జోబ్, శనివారం జూనో బయటికి రాకూడదు."

"చంపెయ్యమంటారా బాబుగారూ?"

"ఛీ ఛీ! నాలుగు రోజులు కాళ్లు సహకరించకపోతే చాలు. నాన్నగారి ప్రాణం కోసం."

వాడు గడ్డం గోక్కున్నాడు. "దాణా రెండింతలు పెట్టి, బయట తిప్పకుండా కట్టేస్తే కాళ్లకు నీరు దిగుతుందండి. సోమవారానికల్లా తగ్గిపోద్ది."

"దానికి బాధ ఉంటుందా?"

"పండగ భోజనం చేసి కూకుంటే మనకెంత ఉంటదో అంతేనండి."

నా చుట్టల పెట్టె వాడికిచ్చేశాను. విదేశాంగ శాఖలో ఎనిమిదేళ్లు చేశాను గాని ఇంత నేర్పుగా ఒక్క వ్యవహారమూ చక్కబెట్టలేదు. ఇదంతా నాన్న మీద ప్రేమతోనే.

అక్టోబరు 29, గురువారం.

జూనో కాళ్లు వాచాయి. నాన్న మొహం చిన్నబోయింది. నేను ప్రగాఢ విచారం వెలిబుచ్చాను.

అక్టోబరు 30, శుక్రవారం.

ఉదయం గాడ్‌ఫ్రే నుంచి టెలిగ్రామ్: 'రాజీనామా ఇచ్చేశారు. అంతా నీవైపే. ముసలాయన్ను పట్టి ఉంచు.'

పట్టి ఉంచడానికి ఆయన గదిలో లేరు. జూనోకు కడుపులో శూల పట్టింది. పొద్దుటినుంచీ గుర్రాలశాలలో గడ్డి మీద కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకున్నారు. గాలి రివ్వున కొడుతోంది. నేను కంబళి తెచ్చాను. దాన్ని జూనోకు కప్పారు. వేడినీళ్ల సీసా తెచ్చాను. అదీ జూనో పొట్టకు ఆనించారు. ఫ్లానెల్ బనీను విప్పబోతుంటే చేతులు పట్టుకుని ఆపాను.

పశువుల డాక్టరు వచ్చి చూసి, "ముసలిదండి, పేగు మెలిపడింది," అని తల అడ్డంగా ఊపాడు. "దాణా ఎక్కువైందా?" అని కూడా అడిగాడు. జోబ్ నావైపు చూశాడు. నేను దూలాలవైపు చూశాను.

నాన్న నన్ను లోపలికి పొమ్మనలేదు. నేనూ ఆ గడ్డి మీదే కూర్చున్నాను. చాలాసేపటికి అన్నారు, "నీకు ఏడేళ్లప్పుడు విషజ్వరం వచ్చింది. గుర్తుందా?"

"ఉంది నాన్నా."

"నేను నీ గదిలోకి రాలేదు. ఆ రోజుల్లో తండ్రులు కూర్చునేవాళ్లు కాదురా. బయట వసారాలో తిరిగేవాళ్లం." జూనో చెవి నిమిరారు. "బూట్లు విప్పేసి తిరిగాను. చప్పుడవుతుందని."

జూనోకు నీళ్లు పెట్టాను. తాగలేదు.

అక్టోబరు 31, శనివారం.

తెల్లవారుతుండగా జూనో పోయింది.

నాన్న ఏడవలేదు. మామూలుగా గడ్డం గీసుకుని, నల్ల కోటు వేసుకుని దిగివచ్చారు. "జెండా సగానికి దించండి," అన్నారు.

టిమ్‌కిన్ తటపటాయించాడు. "గుర్రానికాండి?"

"పద్దెనిమిదేళ్లు మోసింది నన్ను. ఒక్కరోజు సణగలేదు. ఈ ఇంట్లో ఇంకెవరి గురించైనా ఆ మాట చెప్పు చూద్దాం."

టిమ్‌కిన్‌కు కీళ్లవాతం, బురుజు మెట్లు ఎక్కలేడు. నేనే ఎక్కాను. చేసిన పనికి అదొక్కటైనా చేద్దామనిపించింది. గాలికి తాడు చేతులు కోసేసింది. అయినా మా వంశం జెండాను సరిగ్గా సగానికి దించి గట్టిగా ముడి వేశాను. నా చేతులతో నేనే. మనసు కాస్త తేలికపడింది.

పైనుంచి చూస్తే రోడ్డు మీద రైతులు ఆగి టోపీలు తీశారు. దూరంగా కొండమీద వేటకు బయలుదేరిన ఎర్రకోట్ల వాళ్లు గుర్రాలు ఆపి, కాసేపు తలలు వంచి, వెనక్కి తిరిగిపోయారు. గుర్రమంటే ఈ ప్రాంతంవాళ్లకు ఎంత గౌరవం! జూనోకు ఇంత పేరుందని నేననుకోలేదు.

మధ్యాహ్నం ఊళ్లో చర్చి గంట కొట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటే, ఆగి ఆగి. పోయినవారికి ఎన్నేళ్లో అన్నిసార్లు. అరవై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాను.

"ఎవరో పోయినట్టున్నారు టిమ్‌కిన్."

"పెద్దవయసేనండి పాపం. ఇంకా ఆగట్లేదు."

నాన్న కొద్దిగా తుమ్ముతున్నారు. వేడి జావ ఇప్పించాను. వేట తప్పింది, ఒకటో తారీఖుకు మధ్యలో ఒక్క రాత్రే ఉంది. నేను గెలిచాను. ఈ వాక్యం రాసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. జూనో గుర్తొస్తోంది.

నవంబరు 1, ఆదివారం.

ఒక కలం విరగ్గొట్టి, ఇంకో కలంతో రాస్తున్నాను.

నాన్నకు జలుబని మేం చర్చికి వెళ్లలేదు. టిమ్‌కిన్ ఒక్కడే వెళ్లాడు. పన్నెండున్నరకు తిరిగొచ్చి, టోపీ తీసి, గ్లవ్స్ మడిచి పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చిన్న దొరగారూ, ఇవాళ చర్చిలో పెద్ద దొరగారి ఆత్మశాంతికి ప్రార్థన చేశారండి."

"ఏమిటీ?"

"జెండా చూసి అలా అనుకున్నారండి. నిన్నటి గంట కూడా మన దొరగారికేనటండి."

"మరి నువ్వు లేచి ఆయన బతికే ఉన్నారని చెప్పలేదా?"

"ప్రార్థన మధ్యలో లేవడం మర్యాద కాదు కదండి. అయ్యేదాకా ఆగానండి. తర్వాత పాటొచ్చింది. పాట మధ్యలో కూడా బాగుండదని..."

టోపీ కూడా పెట్టుకోకుండా కారు తీసుకుని ఊళ్లోకి పరుగెత్తాను. పోస్టాఫీసు మూసి ఉంది. పైమేడలో పోస్ట్ మిస్ట్రెస్ మిస్ పెబడీ కాపురం. తలుపు బాదితే నల్లగౌనులో దిగివచ్చి నన్ను చూడగానే కళ్లొత్తుకుంది.

"ఎంత కష్టం వచ్చిందండీ బాబుగారూ! మీకు శ్రమ లేకుండా నిన్ననే అన్ని టెలిగ్రాములూ నేనే కొట్టేశానండి. లండన్లో అమ్మగారికొకటి, పత్రికవాళ్లకొకటి."

"మా నాన్న చావలేదమ్మా!"

"అలాగే అనిపిస్తుందండి మొదట్లో. మా అమ్మ పోయినప్పుడు నాక్కూడా."

"నిజంగానే చావలేదు! ఇంట్లో కూర్చుని గుడ్డు తింటున్నారు! వెంటనే లండన్‌కు టెలిగ్రామ్ కొట్టాలి!"

ఆవిడ చేతులు కట్టుకుంది. ఆదివారం నాడు యంత్రం ముట్టనంది. చిన్నప్పుడే దేవుడికి మాటిచ్చిందట. ఒక్క చావు వార్తకైతే మినహాయింపు.

"మరి బతికున్నాడన్న వార్త?"

"దానికేం తొందరండీ? రేపు కూడా బతికే ఉంటారుగా."

బతిమాలాను. బెదిరించాను. ఇంగ్లండు భవిష్యత్తు నీ చేతిలో ఉందమ్మా అన్నాను. దేవుడి చేతిలో ఉందండి అంది. పద్నాలుగు మైళ్ల అవతల ఉన్న పట్నానికి బయలుదేరాను. వాగు పొంగి రోడ్డు మునిగింది. కారు మధ్యలో ఆగిపోయింది. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, ఎనిమిదేళ్ల విదేశాంగ అనుభవంలో నేర్చిన అన్ని భాషల్లోనూ తిట్టుకున్నాను.

నేనే దించాను. తాడు ముడి కూడా గట్టిగా వేశాను.

నవంబరు 2, సోమవారం.

ఎనిమిదింటికి మిస్ పెబడీ నా టెలిగ్రామ్ కొట్టింది. అప్పటికే నాకు రెండు వచ్చి ఉన్నాయి. ఆగస్టాది: 'మామగారి కబురుకు గుండె పగిలింది. నిన్న సాయంత్రం క్రమ్టన్‌ను పిలిచారు. నల్లబట్టలు కుట్టడానికిచ్చాను. తెరల సంగతి ఏం చేయను?' గాడ్‌ఫ్రేది: 'తీవ్ర సంతాపం. ఇంత దగ్గరికొచ్చి ఇలా! లార్డ్స్ సభకు స్వాగతం.'

మధ్యాహ్నానికి గాడ్‌ఫ్రే జవాబు: 'బతికున్నందుకు అభినందనలు. క్రమ్టన్ నిన్న ఆరింటికే రాజుగారి చేతిని ముద్దాడి పదవి తీసుకున్నాడు. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. అసలు జెండా దించిన గాడిద ఎవడు?'

ఆ ప్రశ్నకు జవాబు పంపలేదు.

నాన్న మాత్రం పేపరు పట్టుకుని మంచం మీద రాజులా కూర్చున్నారు. చావువార్త వచ్చింది.

"చదవరా, కళ్లజోడు దొరకట్లేదు."

"'దివంగత ఎర్ల్ సౌమ్యులు,'" అని మొదలుపెట్టాను.

"ఎవడ్రా రాసింది? కోర్టుకీడుస్తాను."

"'ప్రశాంత జీవితం గడిపి, తోటపనిలో...'"

"తోటపనా! మూడు ఎముకలు విరిగాయి నాకు వేటలో! ఆ మాట రాశాడా?"

రాయలేదు. ఆయన ఎనభై నాలుగేళ్లకు నాలుగు వాక్యాలు. తర్వాత రెండు కాలమ్‌లు నా గురించే. ఎంతటి ప్రజ్ఞావంతుణ్ని, ఎంతటి వక్తను, ప్రధాని పదవి చేతికందే వేళ పితృవియోగంతో ఎలా కోల్పోయాను.

ఆయన అంతా విని, "నా చావు కబురులో కూడా నువ్వే మాట్లాడుతున్నావురా," అన్నారు.

నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. అవి పదవి కోసం వచ్చిన నీళ్లే. ఇంకేమీ కాదు.

నవంబరు 3, మంగళవారం.

పొద్దున నాన్న నా మంచం మీద కూర్చున్నారు. ఇలా ఎప్పుడూ రాలేదు.

"నావల్లే పోయింది కదరా. ముసలితనం, చాదస్తం. గుర్రానికి జెండా దించమన్నాను. నీ జీవితమంతా దీనికోసమే కదా పాకులాడావు." దుప్పటి అంచు మడతపెట్టారు. "నన్ను క్షమించు."

ఊరుకుని ఉంటే సరిపోయేది. ముప్పై ఏళ్లుగా ఊరుకోవడమే నా వృత్తి. శత్రువు తప్పు తనమీద వేసుకుంటే మాట్లాడకూడదని కొత్త సభ్యులకు నేనే పాఠం చెప్పాను. కాని ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నారు. అది చూశాక నావల్ల కాలేదు.

"మీవల్ల కాదు నాన్నా. జూనోకు దాణా నేనే ఎక్కువ పెట్టించాను. మీరు వేటకు వెళ్లకూడదని. నేనే చంపాను దాన్ని."

ఆయన నావైపు చూశారు. లేచి, తలుపు మెల్లగా మూసుకుని వెళ్లిపోయారు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

నవంబరు 4, బుధవారం.

నాన్న మాట్లాడలేదు.

నవంబరు 5, గురువారం.

నాన్న మాట్లాడలేదు. ఊళ్లో బాణసంచా. పార్లమెంటును పేల్చబోయి పట్టుబడ్డవాడి బొమ్మను ఏటా తగలబెట్టినట్టే తగలబెట్టారు. ఈ ఏడు నాకు వాడిమీద కొంచెం జాలి కలిగింది.

నవంబరు 6, శుక్రవారం.

మాట్లాడలేదు. క్రమ్టన్ ఉత్తరం రాశాడు. విదేశాంగం నాకే ఉంచుతాడట, సోమవారంలోగా చెప్పమన్నాడు. చాలా మర్యాదగా రాశాడు, వెధవ.

చదరంగం బల్ల దగ్గర ఒక్కణ్నే కూర్చుని రెండువైపులా ఆడాను. అప్పుడు కూడా ఓడిపోయినట్టే అనిపించింది.

నవంబరు 7, శనివారం.

పొద్దున పెట్టె సర్దుకుని కారు ఎక్కబోతుంటే టిమ్‌కిన్ వచ్చి, "పెద్ద దొరగారు గుర్రాలశాలలో ఉన్నారండి. మిమ్మల్ని పిలవమనలేదండి," అన్నాడు. అని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి నాకు అర్థమై వెళ్లాను.

జూనో ఉండే చోట తిరగేసిన తొట్టెమీద కూర్చుని ఉన్నారు. నేను గడ్డిమీద కూర్చున్నాను.

"లండన్ వెళ్తున్నావా?"

"పన్నెండింటి రైలుకు."

"ఆ గుండుసూదులవాడి కింద పనిచేస్తావా?"

"చేస్తాను. పని వచ్చు కదా."

ఆయన తలూపారు. "జూనో సంగతి మాత్రం నేను క్షమించను. బతికినంతకాలం నిన్ను దెప్పుతూనే ఉంటాను."

"దెప్పండి."

"మిగతాదంటావా... పోనీలే, ఒకందుకు నీకు సుఖమే. ఇక నేను ఎప్పుడు పోయినా నీకు నష్టం లేదు. ఇవాళైనా సరే, రేపైనా సరే."

"నష్టమే నాన్నా."

"ఏం నష్టంరా? పోయేదంతా పోయిందిగా."

బాల్కన్ సమస్య మీద కాగితం ముక్క లేకుండా మూడు గంటలు మాట్లాడినవాణ్ని. అయితేనేం, మా ఇళ్లలో ఇలాంటివి అనుకునే అలవాటు లేదు. బూట్లలోకి చూస్తూ, "మీరు లేకపోతే నేనుండలేను," అని గొణిగాను.

"ఏమిటీ?"

"మీరు లేకపోతే నేనుండలేనంటున్నాను."

"గట్టిగా చెప్పరా, గాలికి వినబడట్లేదు."

గాలి లేదు. ఆయనకు చెవుడూ లేదు. మూడు గదుల అవతల సీసా బిరడా తీస్తే వినబడుతుంది. అయినా లేచి నిలబడి, జన్మలో సభలో కూడా అరవనంత గట్టిగా అరిచాను. "మీరంటే నాకు ప్రాణం నాన్నా! మీరు పోతే నేను తట్టుకోలేను!"

ఆవరణలో జోబ్ చేతిలో బకెట్ కిందపడింది. నా టోపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ టిమ్‌కిన్ మొహం అటు తిప్పుకున్నాడు.

నాన్న చేతికర్రతో గడ్డి కాస్త పక్కకు తోశారు.

"మొదటిసారే వినబడిందిరా," అన్నారు. "ఎనభై నాలుగేళ్లలో ఆ మాట నాతో నోటితో అన్నవాళ్లు లేరు. మీ అమ్మ కూడా ఉత్తరంలోనే రాసింది. అందుకని, ఇంకోసారి విందామని."